సగంలో ఆగిపోయేవాళ్లు

"ఆ బటన్ ఇంకాస్త పెద్దది చెయ్యండి మేడమ్, అంతే," అన్నాడు మా మేనేజరు. మేం తయారుచేసిన ఆస్పత్రి వెబ్‌సైటులో డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోబోయి ఆడవాళ్లు సగంలో వదిలేసి పోతున్నారట. "ఓపిక ఉండదండీ వాళ్లకి. సీరియల్ టైమయ్యుంటుంది," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. నవ్వకపోతే పొగరంటారు కాబట్టి నేనూ పెదాలు కదిపాను.

జనం తడుముకోకుండా వెబ్‌సైటు వాడుకునేలా చెయ్యడం నా పని. బాగా కుదిరితే ఆ పని ఎవరి కంటా పడదు. ఇంట్లోనూ అంతే. ఉప్పు డబ్బా చెయ్యి చాస్తే అందుతుంది, చొక్కా వేసుకునే పూటకి ఇస్త్రీతో సిద్ధంగా ఉంటుంది. అవన్నీ వాటంతట అవే జరుగుతాయని మా ఆయన నమ్మకం. "బటన్‌కి ఎరుపా నీలమా అని ఆలోచిస్తే జీతమిస్తారా? అదృష్టవంతురాలివే," అంటాడు బంధువుల ముందు. ఏదైనా కనిపించని రోజు మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. వెతికేవాడికి దొరక్కపోతే తప్పు వాడిది కాదు, అమర్చినవాళ్లదే. ఈ సూత్రం ఆఫీసులో నాకు నేర్పించారు. ఇంట్లో నేర్పించకుండానే వచ్చింది.

ఆదివారం అంట్లు కడిగి, చేతులు తుడుచుకుని, మా అత్తగారికి నా ఫోనిచ్చాను.

"అత్తయ్యా, మీకు ఒంట్లో బాగాలేదనుకోండి. ఇందులో డాక్టరు దగ్గర టైము తీసుకోండి. నేను పక్కనే ఉంటాను గానీ నోరు మెదపను. అదే నా ఉద్యోగం."

"నోరు మూసుకు కూర్చుంటే జీతమా? ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదే!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. తడబడుతుందనుకున్నాను. లేదు. నేరుగా ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. రేపు పొద్దున్నే అన్నచోట నొక్కింది. బాధ ఏమిటన్న దగ్గర ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం' అని కొట్టింది.

ఉత్తుత్తి జబ్బంటే ఎవరైనా జ్వరమని రాస్తారు. ఇది ఉత్తుత్తిది కాదు. అయినా మాట్లాడకూడదు. మనం నోరు తెరిస్తే ఎదుటి మనిషి ఎక్కడ ఆగిపోతుందో ఎప్పటికీ తెలియదు.

ఆవిడ ఆగింది. 'ఇంటి పెద్ద ఫోన్ నంబరు' అన్న గడి. నింపితే ఆ ఫోనుకి ఓ కోడ్ వస్తుంది, అది కొడితేనే ముందుకి కదులుతుంది. ఆడవాళ్లు వస్తామని చెప్పి రారనీ, మగాళ్ల నంబరుంటే భరోసా అనీ మేనేజరు పట్టుబట్టి పెట్టించిన గడి అది. దాని మీద ఆవిడ వేలు కాసేపు ఊగిసలాడింది. తర్వాత ఫోను ఒళ్లో బోర్లించింది.

"నాకు చేతకాదే అమ్మాయ్. ఇవన్నీ చదువుకున్నవాళ్లకి."

ఒక్క తప్పు కూడా చెయ్యలేదు ఆవిడ.

"ఎన్నాళ్ల నుంచి, అత్తయ్యా?"

ముందుగదిలో టీవీ మోగుతోంది. అటు చూసి గొంతు తగ్గించింది. "వాడికి చెప్పకు. కొడుకుతో చెప్పుకునే సంగతా ఇది?"

"నాకైనా చెప్పొచ్చుగా?"

"నీకెక్కడ తీరిక తల్లీ. ఓసారి చెబుదామనే వంటింట్లోకి వచ్చాను. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో ఫోను, అవతల ఆఫీసువాళ్లు. ఏం చెప్పను? పోయినేడాది నుంచి నా బట్టలు నేనే ఉతుక్కుంటున్నానా, అందుకే."

నా మీద జాలితో అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒక చాకిరీ తగ్గిందని లోపల సంతోషించాను కూడా.

రేపు ఆఫీసుకి రానని మేనేజరుకి మెసేజి పెట్టాను. కారణం రాయలేదు. తిరిగి వెళ్లాక ఆ గడి తీసేస్తాను, ఎవరినీ అడగను. కానీ ఆవిడకి డాక్టరు కావలసింది రేపే. ఆవిడ ఒళ్లోంచి ఫోను తీసుకుని, గడిలో నా నంబరు కొట్టాను. రోగికి మీరేమవుతారని అడిగింది వెబ్‌సైటు. భర్త, తండ్రి, కొడుకు. అంతే, మరొకటి లేదు.

కొడుకు అని నొక్కాను.