వంటావార్పు కేసు

విమానం ఎక్కాల్సిన యాదలక్ష్మిని శంషాబాద్‌లో పాస్‌పోర్టు చూసే అధికారి ఆపి, ఓ పక్కన కూర్చోబెట్టాడు. పోలీసు కంప్యూటర్లో ఆమె పేరు మీద వారెంటు ఉందట. మస్కట్‌లో పనిచేసే చోట పైనుంచి పడి, నడుం విరిగిన పెనిమిటి అంతయ్య దవాఖానలో ఒంటరిగా ఉన్నాడని ఎంత మొత్తుకున్నా, కోర్టులో తేల్చుకుని రమ్మన్నాడు. విమానం వెళ్లిపోయింది. ఆమె ఏడుస్తూ ఇంటికొచ్చింది.

అంత నేరం ఏం చేసిందయ్యా అంటే, వంట చేసింది! రెండేళ్ల కింద తెలంగాణ కోసం జనం ఎల్బీనగర్ రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినప్పుడు గరిటె ఆమె చేతిలో ఉంది. బందోబస్తుకొచ్చిన పోలీసులు ఆమె వడ్డించిన పులిహోర తిని, చేతులు కడుక్కుని, రోడ్డు ఆపిందని ఆమె పేరే రాసుకుపోయారు. అడగ్గానే దిల్‌సుఖ్‌నగర్ అడ్రసు కూడా గర్వంగా చెప్పింది మహాతల్లి.

ఆ నెలలోనే ఇంటి ఓనరు వేదవతితో మాటామాటా పెరిగింది. ఆవిడది గుంటూరు వైపు. ఉద్యమం మాటెత్తితే మొహం మాడ్చుకునేది. యాదలక్ష్మి పౌరుషానికి పోయి, ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసింది. కోర్టు నోటీసులు పాత ఇంటికే వచ్చి తిరిగిపోయాయి. పిలిచినా రాలేదని వారెంటు పుట్టింది.

వకీలు దారి చెప్పాడు. స్వయంగా కోర్టుకెళ్లి వారెంటు రద్దు చేయించుకోవాలి. ఆ ఉత్తర్వు ఠాణాలో ఇస్తే వాళ్లు ఎయిర్‌పోర్టుకు రాసి పేరు తీయిస్తారు. కానీ జమానతుకు, పూచీగా నిలబడటానికి, సొంతిల్లున్న మనిషి కావాలి. ఆమెకు తెలిసినవాళ్లంతా కిరాయి ఇళ్లవాళ్లే. సిగ్గు చంపుకుని వేదవతి గడప తొక్కింది.

చెప్పాపెట్టకుండా పోతే నోటీసు గాల్లోకి ఇవ్వాలా అని వేదవతి కాసేపు దులిపేసింది. ఆ తర్వాత ఇంటి కాగితాలు చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఈమె దేశం దాటి తిరిగి రాకపోతే మీ ఇంటి మీదికొస్తుందని జడ్జి హెచ్చరించాడు.

“అలిగి వెళ్లే మనిషే గానీ, పారిపోయే మనిషి కాదండీ,” అంది వేదవతి.

వారెంటు రద్దయింది. ప్రయాణానికి అనుమతీ వచ్చింది.

ఎయిర్‌పోర్టులో మళ్లీ అదే వరుస. అధికారి మీటలు నొక్కి తెర వంక చూస్తుంటే యాదలక్ష్మి కోర్టు కాగితం ముందుకు జరిపింది. టప్‌మని ముద్ర పడింది. అమ్మయ్య! అంతలో ఫోను మోగింది. సాగనంపడానికొచ్చిన వేదవతి ఇంకా బయట అద్దాల దగ్గరే నిలబడి ఉంది.

“వదిలారా?”

“ఒదిలిన్రమ్మా. మీరు ఇంటికి పోయి జర అన్నం తినుండ్రి,” అని యాదలక్ష్మి, ఇక ఆపుకోలేక, అంతమందిలో భోరుమంది.