ఒక్క బూరుగు పిందె

నాకు కోపం ఎక్కువని మా వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. దిళ్ళు కుట్టి బతికే మనిషి, కళ్ళెదుట బూరుగు చెట్టు కొట్టేస్తామంటే నవ్వుతూ కూర్చుంటుందా?

చెట్టు నాది కాదు, సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి చేనుగట్టు మీదిది. దూది మాత్రం ముప్ఫై ఏళ్ళుగా నేనే ఏరుకునేదాన్ని. తొంభై ఆరు తుఫాను తర్వాత ఏమైందో, మాఘమాసం రాగానే ఎర్రగా విరగబూసేది, మూడోరోజుకి పువ్వులన్నీ తొడిమలతో సహా రాలిపోయేవి. రెండేళ్ళపాటు ఒక్క కాయ లేదు. మూడో ఏడు రావుగారు తేల్చి చెప్పేశారు.

"ఉగాదిలోగా పిందె కనపడకపోతే అగ్గిపుల్లల కర్రకి ఇచ్చేస్తాను కనకమ్మా. గొడ్డు చెట్టు నాకెందుకు?"

ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. కొత్తపేటలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే ఇందిర గారు నా దగ్గరే దిళ్ళు కుట్టించుకుంటారు. ఆవిణ్ణి చెట్టు దగ్గరికి లాక్కొచ్చాను.

"బూరుగుకి సొంత పుప్పొడి పనికిరాదు కనకమ్మ గారూ, వేరే చెట్టుది కావాలి. గోదారి లంకలో బూరుగు తోపు ఉన్నప్పుడు గబ్బిలాలూ గోరింకలూ అటూ ఇటూ తిరిగి మోసేవి. తోపు సగం నరికేసేరు, మిగతాది తుఫాను ఊడ్చేసింది. ఒంటి చెట్టు కోసం అవెందుకొస్తాయి?"

"మరి మనమే మోస్తేనండీ?"

"మోయొచ్చు. తెల్లారేసరికి విచ్చిన పువ్వయితేనే."

పలివెలలో మా చెల్లెలి పెరట్లో బూరుగుంది. మొదటి బస్సుకి వెళ్ళి, పువ్వులు తడిగుడ్డలో చుట్టి పరుగెత్తుకొచ్చేదాన్ని. మా ఆయన జగ్గయ్య చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే మనిషే గానీ, బూరుగు ముళ్ళు ఆయన్నీ వదల్లేదు. నిచ్చెన వేసుకుని, కోడి ఈకతో పువ్వు పువ్వుకీ పుప్పొడి అద్దాడు. తొమ్మిది రోజులు అదే పని. అద్దినవి అరవై పువ్వులు. అన్నీ రాలిపోయాయి! ఉగాది ఇక ఎనిమిది రోజులుంది, కొమ్మల చివర మొగ్గలు పదికి మించి లేవు.

ఇందిర గారు రాలిన పువ్వు చీల్చి చూశారు.

"మీ చెల్లెలి చెట్టు విత్తనం వేసిందా, కొమ్మ నాటిందా?"

"కొమ్మేనండి. ఈ చెట్టుదే. చెల్లెలి గృహప్రవేశానికి నేనే పట్టుకెళ్ళి నాటేను."

"అయితే అదీ ఇదీ ఒకటే చెట్టండి. దాని పుప్పొడీ దీనికి సొంతదే."

చుట్టుపక్కల ఎవరు అడిగినా, కంచెకి కొమ్మ కొట్టి ఇచ్చింది నేనే. ఏ ఊళ్ళో బూరుగు కనిపించినా మనదేనని మురిసిపోయేదాన్ని. నా బుద్ధి తగలెయ్య!

"జొన్నాడ ఏటిగట్టు మీద ఒకటుంది," అన్నాడు జగ్గయ్య. "అది ఎవరూ నాటలేదు, దానంతటదే మొలిచింది."

మర్నాడు జొన్నాడ వెళ్ళి పువ్వులు కోసుకున్నాను. తిరిగొచ్చే బస్సు రావులపాలెంలో చెడిపోయింది. ఎండ ఎక్కుతోంది, గుడ్డలో పువ్వులు వాడిపోతున్నాయి. ఇటుకల లారీకి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తిట్టాడు, నేను అంతకు రెండింతలు తిట్టి ఎక్కి కూర్చున్నాను. ఆ రోజు మా చెట్టుకి విచ్చినవి ఏడు పువ్వులు. ఏడింటికీ అద్దాడు జగ్గయ్య.

ఉగాది మర్నాడే రంపం పట్టుకుని మనుషులు దిగారు. అప్పటికి ఏడింటిలో ఆరు రాలిపోయాయి.

"ఏదీ పిందె?" అన్నారు రావుగారు.

జగ్గయ్య పైకెక్కి చూపించాడు. బొటనవేలంత, పచ్చగా ఉంది.

"ఒక్కటా?"

"ఆయ్, ఒక్కటేనండి. కనపడాలన్నారు, కనపడింది!" అన్నాను.

ఆయన రంపం మనుషులకి చెయ్యి అడ్డం పెట్టారు. "కాయ పగిలేదాకా ఆగుతాను. ఆ తర్వాత నావల్ల కాదు, కర్ర కొనేవాళ్ళకి మాట ఇచ్చేసేను."

వైశాఖంలో కాయ పగిలింది. మూడోరోజున చెట్టు పడింది. ఆ చప్పుడు వినలేక తలుపేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆ కాయలోని గుప్పెడు దూదిలోంచి విత్తనాలు ఏరి నాటితే ఇరవై రెండు మొలిచాయి.

తొలకరికి రావుగారే మా గుమ్మంలోకి వచ్చారు.

"ఒక మొక్క ఇవ్వు కనకమ్మా. గట్టు బోసిపోయింది, చూళ్ళేకపోతున్నాను."

తిట్లన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. ఏడుపూ వచ్చింది.

"ఒక్కటైతే ఇవ్వనండి. రెండు నాటతానంటేనే ఇస్తాను."

ఆయన రెండు చేతులూ చాచారు.