కెమెరా వెనక జడపిన్ను

సుమేరా బ్యాగు నేనే సర్దాను. రెండు చుడీదార్లు, దువ్వెన, నమాజు చేసుకునే చాప. సర్దుతున్నంతసేపూ నిజం చెప్పేద్దామనే అనుకున్నాను.

ఆమెది రఘునాథపల్లి. రెండేళ్లుగా ఖిలా వరంగల్‌లో మా పైగదిలో అద్దెకుండేది. అమ్మమ్మను పిలిచినట్టు నన్ను నానీ అనేది. హనుమకొండలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. ఒక దవాఖాన వెబ్‌సైట్ ఆగిపోకుండా కాపాడటం ఆమె పని.

గేటు దగ్గర కెమెరా పెట్టించింది నేను. బయటికి పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా నాకు మనసు నిలవదు, ఫోన్లో గేటు చూస్తూ కూర్చుంటాను. సుమేరా దాని పాస్‌వర్డ్ మార్చి, పొడుగాటి ఇంగ్లీషు అక్షరాలు కాగితం మీద రాసిచ్చింది. నేను దుకాణాల బోర్డులు చూసి తెలుగు నేర్చుకున్నదాన్ని. ఫోన్ మార్చిన రోజు ఆ అక్షరాలు మూడుసార్లు కొట్టినా తప్పే పడింది. అప్పటికి సుమేరా ఆఫీసు నుంచి రాలేదు. కెమెరా బిగించిన నర్సయ్య చూపించినట్టే, వెనక చిన్న రంధ్రంలో జడపిన్నుతో నొక్కాను. పాత పాస్‌వర్డ్ తిరిగొచ్చింది, ఒకటి నుంచి ఆరుదాకా అంకెలు. గేటు కనబడింది. ఎవరికీ చెప్పలేదు.

నెల తర్వాత ఆ దవాఖాన వెబ్‌సైట్ మీద దాడి జరిగింది. ఇలాంటి సులువు పాస్‌వర్డులున్న వేల కెమెరాలను ఎవరో పట్టుకుని, అన్నిటిచేతా ఒకేసారి దాని తలుపు తట్టించారట. ఆ రద్దీలో పొద్దంతా రోగులకు ఓపీ చీటీలు దొరకలేదు. తట్టినవాటి జాబితాలో మా ఇంటి కెమెరా కూడా ఉంది.

ఆఫీసు పెద్ద శ్యాంసుందర్ ఇంటికొచ్చాడు.

"ఊరందరికీ పాస్‌వర్డ్ మార్చుమని చెప్తవ్. నువ్వుండే ఇంట్ల వన్ టూ త్రీనా? మస్తున్నది!"

"నేను మార్చిన సార్. అల్లా కసం."

"మరి దయ్యమొచ్చి తీసిందా?" అని నా వైపు తిరిగాడు. "జైనాబమ్మా, మీరేమన్న ముట్టుకున్నరా?"

"నాకేం ఎరుక బిడ్డా. నాకు ఇంగ్లీషే రాదు."

సుమేరా నా ముఖం చూసింది. మర్నాడు ఆమె ఉద్యోగం పోయింది.

బ్యాగు జిప్పు వేసి, "ఈద్‌కు వస్తవా బిడ్డా?" అన్నాను.

"ఫికర్ చేయకు నానీ." నా అరచేతిలో జడపిన్ను పెట్టింది. "సార్ పోయినంక మళ్ల పాస్‌వర్డ్ మార్చుదామని పోతే కెమెరా వెనక దొరికింది. దేవులాడుతున్నవేమో అని."

ఆమె గేటు దాటడం ఫోన్లోనే చూశాను.

సుమేరా వెళ్లింది 2024 మార్చి పదకొండు, సోమవారం. ఈద్‌కు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.