జరగని సీటు

తొండుపల్లిలో శిరీష వాళ్ళ మేడ ఎక్కితే దిగే విమానం పొట్ట కనబడుతుంది. గోడ అవతల ఆమె పనిచేసే సరుకుల ఆఫీసు రేకుల కప్పు కూడా కనబడుతుంది. కనబడుతుంది గాని చేరనివ్వదు. నడుమ ఎయిర్‌పోర్టు గోడ, గోడ చుట్టూ రోడ్డు, ఆ రోడ్డు మీద నడిచిపోయే మనిషి ఉండడు. ఊరు పక్కనే కదా అని కంపెనీ బండి ఆమెను ఎక్కించుకోదు. అందుకే ఉద్యోగంలో చేరిన నాటి నుంచి శిరీష రాకపోకలన్నీ అన్న వీరేందర్ బైకు మీదే. అతను వస్తే ఇల్లు, రాకపోతే ఆఫీసు గేటు. "దార్లనే ఉన్న చెల్లె" అంటాడు ఫోనులో. ఆ మాట వెనక క్యారమ్‌బోర్డు చప్పుడు వినబడుతుంటుంది.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో ఆమె మనసు ఒక నిశ్చయానికి వచ్చింది. కారు కొనాలి, తానే నడపాలి. జీతంలోంచి మిగిల్చింది. శంషాబాద్‌లో నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. కారు సంగతి ఇంట్లో చెప్పగలిగింది. తానే నడపాలన్నది మాత్రం గొంతు దాటి రాలేదు. నాయన జంగయ్య సంబరపడ్డాడు. వీరేందర్ వెళ్ళి నల్లకళ్ళద్దాలు కొనుక్కొచ్చాడు.

ఆదివారం పొద్దున ముగ్గురూ ముందుగా ఆరాంఘర్‌లో పాత కార్లమ్మే బాలమల్లు దగ్గరికి వెళ్ళారు. అతను చూపిన కారు వెండి రంగుది. టైర్లు కొత్తవి, ఏసీ చల్లన, పాటలు ఘనం.

"ఇంజన్ ఆన్‌ల ఉందన్నా. వినబడుతుందా? వినబడది! గా వినబడనిదానికే రేటు," అన్నాడు బాలమల్లు.

వీరేందర్ కూర్చున్నాడు. సీటు అతని కోసమే కుట్టినట్టు ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని అద్దంలో తనను తాను చూసుకున్నాడు. తరువాత శిరీష కూర్చుంది. కాలు చాపింది. పాదం క్లచ్ దాకా పోలేదు. సీటు కింద కడ్డీ పట్టి లాగింది, ఊపింది, ముందుకు ఊగింది. సీటు జరగలేదు.

"తుప్పు పట్టింది చెల్లె. ముందటాయన మస్తు పొడుగు మనిషి, ఎన్నడూ జరపలే. నువ్వెందుకు పరేషాన్ అయితవ్? నడపనీకి అన్న ఉన్నడు. నువ్వు పక్కన కూసోని పాటలు మార్సు," అన్నాడు బాలమల్లు.

వీరేందర్ నవ్వాడు. జంగయ్య సీటు కిందకు వంగి చూసి లేచాడు. "తర్వాత చేయిద్దాం తియ్యి బిడ్డా."

తర్వాత. ఆ మాట శిరీషకు బాగా తెలుసు. ఇంట్లో స్నానాల గది తలుపుకు గొళ్ళెం విరిగి ఎన్నాళ్ళయిందో! ఆమె లోపలుంటే తల్లి తారాబాయి బయట కాపలా, తల్లి లోపలుంటే ఆమె కాపలా. మగవాళ్ళు పెరట్లో నల్లా దగ్గర స్నానం చేస్తారు. వాళ్ళకు గొళ్ళెంతో పనిలేదు, కనుక గొళ్ళెం తర్వాత.

రెండో కారు మామిడిపల్లిలో ఉంది. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన జగన్మోహనరావు గారిది. మారుతి ఎయిట్ హండ్రెడ్, ఒకప్పుడు ఎరుపు. ఇప్పుడు ఎండకు వెలిసి, ఎన్నోసార్లు ఉతికిన చీరలా ఉంది.

"నడిపిందంతా మా ఆవిడేనండి, బడికి వెళ్ళి రావడానికి. నేను పక్కసీటు. భయపడటం నా డ్యూటీ," అన్నాడాయన.

"భయపడుతూనే కునుకు తీసేవారు," అంది ఆయన భార్య చాముండేశ్వరి. "కళ్ళు సరిగా ఆనడం లేదమ్మా, అందుకే అమ్మేస్తున్నాం."

వీరేందర్ లోపలికి దూరబోయాడు. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. కడ్డీ లాగాడు. "గిదేంది ఆంటీ, జరుగుతలేదు?"

"ఎలా జరుగుతుంది నాయనా? నేను తప్ప అందులో ఎవరు కూర్చున్నారు గనక! అలాగే బిగుసుకుపోయింది." ఆమె తాళం శిరీషకు అందించింది. "నువ్వు చూడమ్మా. నా అంతే ఉన్నావు."

శిరీష కూర్చుంది. క్లచ్ వెతకనక్కరలేదు, పాదం కిందే ఉంది. నాయన పక్కన, వెనక మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అన్న. కారు కదిలింది. పహాడీ షరీఫ్ వైపు రోడ్డెక్కగానే ఒకసారి ఆగిపోయింది. వెనక లారీ హారన్ మోగించింది. మళ్ళీ తాళం తిప్పింది, మళ్ళీ కదిలింది. కొంత దూరం పోయాక పక్కకు తీసి ఆపింది.

"సూసినవా బాపూ?" అన్నాడు వీరేందర్. "ముసల్ది. ఏసీ కూడా దగ్గుతుంది. వెండి కారే తీస్కుందాం. డ్యూటీకి నేనే దింపుత గద!"

జంగయ్య తల ఊపబోయాడు.

శిరీష స్టీరింగు వదల్లేదు. రెండు కార్లనూ మనసులో పక్కపక్కన నిలబెట్టింది. టైర్లు దానివే మేలు, రంగు దానిదే మేలు, చప్పుడు లేనితనమూ దానిదే. కాని ఆ కారు కొంటే రేపూ ఆమె గేటు దగ్గరే నిలబడాలి. బైకుకు బదులు కారు కోసం ఎదురుచూడాలి, అంతే తేడా.

"ఇదే కావాలె బాపూ," అంది. గొంతు సన్నగా వచ్చింది, కాని వచ్చింది. "నా డ్యూటీకి నేనే పోత, నేనే వస్త."

"మరి దీంట్ల నేనెట్ల పట్టాలె?"

"సీటు తర్వాత చేయిద్దాం అన్నా."

ఎత్తిపొడుద్దామని అనలేదు. పుట్టినప్పటి నుంచి విన్న మాట, నోటికి అదే వచ్చింది. నిజంగానే చేయిస్తుంది కూడా. కాకపోతే ముందు గోడ చుట్టూ పోయే ఆ రోడ్డంతా తన కాళ్ళకు అలవాటు కావాలి.

జంగయ్య కూతురి పాదాల వైపు చూశాడు, క్లచ్ మీద ఒకటి, బ్రేకు మీద ఒకటి. 'తర్వాత' అన్నది తన నోటి మాటే.

"రేపు గొళ్ళెం పెట్టిస్త బిడ్డా," అన్నాడు చివరికి.

"గొళ్ళెమేంది? కారు మాట్లాడుతుంటే!" అన్నాడు వీరేందర్.

"నీకు ఎరుక లేదు తియ్యి. మోకాళ్ళు జర దగ్గరికి తీస్కో." ఆయన శిరీష వైపు తిరిగాడు. "ఇగ తిప్పు. ఆ అమ్మకు మాట ఇచ్చొద్దాం."

శిరీష అద్దంలో రోడ్డు చూసింది, అన్న ముఖం చూసింది, క్లచ్ నొక్కింది.