ప్రొఫెసరు గారి ఎర్రదారి

ప్రొఫెసరు గారు సూది పట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఫొటోగ్రాఫరు వచ్చిన రోజు మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడుక్కుని, మత్తులో ఉన్న ఎలుక మెదడులోకి స్వహస్తాలతో ఎర్రరంగు ఎక్కించారు. ఫొటో పడగానే సూది చటుక్కున లాగేసి టీకి వెళ్లిపోయారు.

ఆ ల్యాబులో పనంతా ఆ రంగుతోనే. మెదడులో ఒకచోట చుక్కంత వేస్తే అక్కడి నరాల కణాలు దాన్ని మింగి, తమకు ఎక్కడెక్కడ సంబంధముందో అక్కడికల్లా మోసుకుపోతాయి. కొన్నాళ్లాగి మెదడును పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఆ దారి ఎర్రగా మెరుస్తుంది. ఒక్కటే జాగ్రత్త. రంగు వేశాక కాసేపు సూదిని కదపకూడదు, తర్వాత మెల్లగా తీయాలి. తొందరపడితే సూది చేసిన కన్నం వెంటే రంగు పైకి పాకుతుంది.

ఫొటోకెక్కిన ఎలుక మెదడులో, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఒక ఎర్రదారి కనిపించింది. ఏ పుస్తకంలోనూ లేని దారి. ఇక ప్రొఫెసరు గారి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. సాయంత్రానికల్లా దానికి తన ఇంటిపేరు పెట్టేసుకున్నారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అనుమానాలమ్మ గుండెల్లో మాత్రం రాయి పడింది. ప్రతిదానికీ "నిజమేనంటారా?" అంటుందని ల్యాబులో ఆమెకు తగిలించిన పేరది. డాక్టరేటుకి ఇక ఆయన సంతకమొక్కటే మిగిలింది. ఆయనేమో థీసిస్ చివరి అధ్యాయం ఆ దారి మీదే రాయమన్నారు.

ఆమె ఇంకో ఎలుకని తీసుకుని, సూదిని కాస్త ఏటవాలుగా దించి, ఆయనలాగే చటుక్కున లాగింది. దారి కూడా ఏటవాలుగానే వచ్చింది.

"సార్, సూది ఎటు వంగితే దారి అటే వంగుతోంది."

ఆమె చూపించిన ఫొటోని ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. "అంటే రెండు దారులున్నాయన్నమాట. దీనికి నీ పేరు పెడదాంలే."

నిజం చెప్పొద్దూ, ఆమెకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఆ ఆశని చూసి తనమీద తనకే ఒళ్లు మండింది. ఈసారి, కొత్తవాళ్లు సూది వేయడం నేర్చుకోవడానికి గడ్డకట్టించి పెట్టే జెల్లీ ముద్ద తీసుకుంది. అందులోకి రంగు సూది దించి, చటుక్కున లాగింది. అదే ఎర్రదారి, ఇంకా అందంగా. ఫొటో కింద 'ఇది జెల్లీ' అని రాసి ఆయనకి పంపింది. ఆయనకి బొమ్మ చూసే అలవాటే గానీ కింద రాత చదివే అలవాటు లేదు.

థీసిస్ పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన పెద్దలు హాల్లో కూర్చున్నారు. ప్రొఫెసరు గారు మూడు ఫొటోలూ తెర మీద వేయించారు.

"మూడోది చూడండి. అన్నిటికన్నా స్పష్టంగా ఉంది. బాగా తెలివైన ఎలుకై ఉండాలి."

థీసిస్ ఆయన చేతి కిందే ఉంది, పెన్ను మూత తీసే ఉంది. నోరు మూసుకు కూర్చుంటే మధ్యాహ్నానికి తను డాక్టరమ్మ. అనుమానాలమ్మ లేచి నిలబడింది.

"సార్, అది ఎలుక కాదు, జెల్లీ. దానికి మెదడే లేదు."

పరీక్షకి వచ్చిన పెద్దావిడ కళ్లజోడు తుడుచుకుంటూ, "మరి మొదటి సూది వేసిందెవరు?" అనడిగింది. అందరూ గోడ వైపు చూశారు. అక్కడ, ఆ రోజు తీయించుకున్న ఫొటో ఫ్రేములో ప్రొఫెసరు గారు సూది పట్టుకుని చక్కగా నవ్వుతున్నారు.

కింద కూర్చున్న ప్రొఫెసరు గారు పెన్నుకి మూత పెట్టేశారు.

అనుమానాలమ్మ ఇంటికెళ్లేసరికి అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"సంతకం పెట్టాడా?"

"లేదమ్మా. మళ్లీ మొదట్నించీ చెయ్యాలి."

"మా అమ్మాయి మెదడులో కొత్త దారి కనిపెట్టిందని వీధంతా చెప్పుకున్నానే. ఇప్పుడేం చెప్పను?"

"అక్కడ దారి లేదని కనిపెట్టిందని చెప్పు."

అమ్మ మడతపెట్టడం ఆపింది.

"దానికి డాక్టరమ్మ అంటారా?"

"అనాలమ్మా," అంది. పొద్దుట్నించీ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.