పుట్టింటి చీర

కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని అలాగే వదిలేసి, పెదనందిపాడు నుంచి కట్టుబట్టలతో బయల్దేరాడు చెంచురామయ్య. ముంబై ఆసుపత్రిలో చెల్లెలు కోటిరత్నం వెంటిలేటరు మీద ఉంది. వెంటనే రమ్మన్నాడు ఆమె భర్త, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

గన్నవరం విమానాశ్రయంలో తనిఖీలన్నీ అయ్యాక ఇంటినుంచి భార్య ఫోన్ చేసింది. "అక్కడ మన చీరలు దొరుకుతాయో లేదో. పుట్టింటి చీర ఒకటి కొనుక్కెళ్ళండి" అంది ఏడుస్తూ. ముత్తయిదువుగా పోయిన ఆడపడుచుకి ఆఖరిసారి కప్పే చీర అది.

"నోరు ముయ్. అది బతికే ఉంది" అని కసిరి ఫోన్ పెట్టేశాడు.

పెట్టేశాడే గానీ, కాళ్ళు చీరల కొట్టు ముందే ఆగాయి. ఒళ్ళు కుదుటపడి ఇంటికొచ్చే చెల్లెలికి మంచి చీర ఉండొద్దూ అని తనకు తానే సర్దిచెప్పుకుని లోపలికి వెళ్ళాడు.

అదేం కొట్టో అంతుబట్టలేదు. కూర్చోడానికి పరుపు లేదు, రండి బాబాయ్ అని పిలిచే షావుకారు లేడు. చీరలన్నీ చొక్కాల్లా హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. పైగా చీర కొనాలంటే విమానం టిక్కెట్టు చూపించాలట. గుంటూరులో అయితే ఈపాటికి యాభై చీరలు విప్పించి, ఏదీ నచ్చలేదని లేచి వచ్చేవాడు.

అమ్మే పిల్ల పేరు శ్రీరమ్య అని చొక్కా మీద రాసుంది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చిగానే ఉంది, కొత్త పెళ్ళికూతురు. ఏ ఫంక్షనుకని అడిగింది. చెల్లెలి గృహప్రవేశమని అబద్ధమాడాడు. ఇప్పుడంతా ఇవే కడుతున్నారంటూ బూడిదరంగు చీర తీసింది. అది కాదు, ఎర్రంచు పసుపు చీర కావాలన్నాడు. ఎక్కడో అడుగునున్నది వెతికి తెచ్చింది.

కట్టుకుంటే ఎలా ఉంటుందో చూడమంటూ, చీర విప్పి తన భుజం మీద వేసుకోబోయింది.

చెంచురామయ్య ఒక్క ఉదుటున దాన్ని లాగేశాడు. "వద్దమ్మా. ఇది నీ ఒంటిమీద వేసుకోకూడదు."

ఆ పిల్ల బిత్తరపోయి, ఎందుకండీ అంది.

ఇంటికొచ్చే చెల్లెలి కోసమే అయితే, ఈ పిల్ల వేసుకుంటే తప్పేముంది? తన చేతులకు ముందే తెలుసు. బయల్దేరినప్పుడే ఆశ వదిలేసుకున్నానని అప్పుడర్థమైంది అతనికి.

ఆసుపత్రి నుంచి ఇంకా ఏ కబురూ రాలేదు. చెంచురామయ్య ఆ నున్నటి నేలమీదే కూలబడి, చీర ఒళ్ళో పెట్టుకుని, "రత్తమ్మా, నా తల్లీ" అంటూ శవం ముందు ఏడ్చినట్టు ఏడ్చాడు.