పుర్రచేతి కొమ్ము

"వంటింట్లో మళ్ళీ ఆవు చచ్చిందా?" అన్నాడు మా ఆయన ఎల్డన్, ముక్కు మూసుకుని.

కొమ్ములు ఉడికించిన ప్రతిసారీ అనే మాటే. ఆ ఆవులు ఎవరి పనిమీద మా ఇంటికి వచ్చాయో తెలియనట్టు. కబేళా నుంచి గోనెసంచి నిండా కొమ్ములు తెచ్చి నా పొయ్యి పక్కన పడేసేది తనే. వాటిని ఉడికించి, లోపలి ఎముక పీకి, పైనున్న గరుకుపొరని గాజుపెంకుతో గీకి గీకి, ఎండకి పట్టుకుంటే అవతలి వెలుగు కనపడేదాకా పలచన చేసేది నేను. ఎందుకంటే తుపాకిమందు మోసుకెళ్ళే డబ్బా ఈ కొమ్మే, పేల్చాక ఎంత మిగిలిందో వేటగాడికి బయటినుంచే తెలియాలి. తర్వాత ఎల్డన్ వెడల్పు వైపున కొయ్యమూత బిగించి, సన్నకత్తితో జింకల్నీ కోటల్నీ నదుల్నీ గీస్తాడు. మూతమీద తన పేరు చెక్కుతాడు. ఆపైన రంగుకి మళ్ళీ నా దగ్గరికి. మా కెంటకీ కొండల్లో పాతకాలపు తుపాకులు పేల్చేవాళ్ళందరూ కొమ్మంటే ఎల్డన్ కొమ్మే అంటారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

"మరి ఈ రంగు ఎలా వస్తుంది?" అని కొనేవాళ్ళు అడిగితే, "ఓ, అదా? మా ఆవిడ రంగులో ముంచుతుంది, అంతే" అంటాడు. ఆ 'అంతే' నా చెవిలో జోరీగలా ఉండిపోయింది. చలికాలమంతా ఉల్లితొక్కలు దాచాలి. వెనిగర్ పోసి మరిగించి వడకట్టాలి. కొమ్ముని మాత్రం గోరువెచ్చని నీళ్ళలోనే నానబెట్టాలి, వేడి కాస్త ఎక్కువైతే మూత చుట్టూ ఉన్న మైనం కరిగిపోతుంది, కొమ్ము వంపు మారుతుంది. తీసి తుడిచి చూసి, మళ్ళీ ముంచాలి. మధ్యలో అన్నాలూ బట్టలూ ఆగవు కదా. ఇదంతా కలిపి అంతే.

నాది పుర్రచేతి వాటం. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు భోజనాల బల్ల దగ్గర, "నీ మోచెయ్యి మావాడి పళ్ళెంలో పడుతోందమ్మాయ్. నువ్వు ఆ చివర, పొయ్యి పక్కన కూర్చో" అన్నారు. కూర్చున్నాను. పొయ్యి పక్కన కూర్చున్నదాన్ని గనక రొట్టె కావాలన్నా, మజ్జిగ కావాలన్నా, కాఫీ కావాలన్నా లేవాల్సింది నేనే. "ఒలీటా, ఎలాగూ నువ్వు దగ్గరే ఉన్నావు కదా!" అనేవాళ్ళు అందరూ. అత్తగారు పోయారు. పిల్లలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. బల్ల చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. నేను ఇంకా ఆ చివరే కూర్చుంటున్నానని ఒకరోజు సూప్ తాగుతూ గమనించాను. భలే ఆశ్చర్యం వేసింది నామీద నాకే.

ఆ మధ్యాహ్నమే షెడ్డులో ఎల్డన్ పారేసిన కొమ్ముల పీపా దగ్గరికి వెళ్ళాను. ఆవుకి కొమ్ములు రెండు. ఒకటి కుడిపక్కన వేలాడదీసుకుంటే నడుముని ఒరుసుకుని పడుకుంటుంది. రెండోది అదే పక్కన మొన బయటికి పెట్టి దారినపోయేవాణ్ణి పొడుస్తుంది. కొనేవాళ్ళంతా కుడిచేతివాళ్ళే కాబట్టి రెండోవాటిని ఎల్డన్ 'పనికిరానివి' అని పీపాలో పడేస్తాడు. అందులో ఒకటి తీసి, పురికొస కట్టి, ఎందుకో ఎడమపక్కన వేసుకున్నాను. అది వచ్చి నా నడుము వంపులో చక్కగా సర్దుకుంది. అటూ ఇటూ నడిచాను. వంగాను. కదల్లేదు. పగలబడి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పీపాని దాటుకుంటూనే బట్టలారేశానే!

అక్కణ్ణుంచి ఒకటే కుతూహలం. నా చేత్తో గీస్తే గీత ఎలా వస్తుంది? కోట నేనెప్పుడూ చూడలేదు, మరేం గీయాలి? మా అమ్మవాళ్ళ ఇంటి వెనక పుట్టి, మా వాకిలి ముందునుంచి పోయే వాగుని గీశాను, దాని వంపులన్నిటితో. నేను కాలుజారి పడ్డ రాయి, కోడిపిల్లల్ని నక్క ఎత్తుకుపోయిన పొద, కోట ఉండాల్సినచోట మా పొయ్యి. గీతల్లో దీపపు మసి రుద్ది, కొయ్యమూతా, మొనకి బిరడా నేనే బిగించాను. రంగులో మాత్రం తుప్పుమేకులు నాలుగు వేశాను. ఎప్పటినుంచో వేసి చూడాలని ఉండేది. "పచ్చకొమ్ము ఎవడు కొంటాడే పిచ్చిదానా?" అని ఎల్డన్ వేయనిచ్చేవాడు కాదు. పసుపు నెమ్మదిగా మసకబారి, సాయంత్రం వాగునీళ్ళ పచ్చదనానికి తిరిగింది. తడిచేతులతో దాన్ని పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. పొయ్యిమీద చిక్కుళ్ళు మాడాయి. మాడనీ అనుకున్నాను.

ఆకులు రాలే కాలంలో, పాత తుపాకులు పేల్చేవాళ్ళంతా డేరాలేసుకుని చేరే తిరునాళ్ళకి దాన్ని కూడా పట్టుకెళ్ళాను. మా డేరాలో నా పని ఏటా ఒకటే, దుకాణం చూడటం, చిక్కుళ్ళు ఉడికించడం. చిన్నప్పుడు నాన్నతో పేల్చిన సంగతి గుర్తొచ్చి ఒకసారి అడిగితే, "నువ్వూ వెళితే దుకాణం ఎవరు చూస్తారు?" అన్నాడు ఎల్డన్. కుడిచేతి తుపాకీ ఎడమభుజాన పెట్టుకుంటే నిప్పురవ్వలు మొహాన పడతాయి కూడా, నిజమే. అంతటితో ఆ మాట ఎత్తలేదు.

నేను కొయ్యమేకు కొట్టి వేలాడదీసిన ఆ పచ్చకొమ్ముని గడ్డపాయన ఒకడు అందుకున్నాడు. ఎడమభుజాన తుపాకీ ఉంది. కొమ్ము తగిలించుకుని చూసుకుని, "ఓరి, ఇది నా కోసమే పుట్టినట్టుందే! ఎవరు చేశారు?" అన్నాడు.

ఎల్డన్ కొమ్ము వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ కొమ్ము వైపు. తెలిసిపోయింది తనకి. ఒక్క క్షణం ఏమంటాడా అని నిజంగానే ఆత్రంగా ఎదురుచూశాను.

"సరదాకి చేశాన్లే, పుర్రచేతివాళ్ళకని," అన్నాడు నవ్వుతూ. "ఇలా ఇవ్వు, మూతమీద పేరు వేయడం మర్చిపోయాను." జేబులోంచి సన్నకత్తి తీశాడు.

గడ్డపాయన భుజాన్నుంచి కొమ్ముని నేనే తీసుకున్నాను. "అది అమ్మకానికి కాదు."

"మరి దేనికే?"

"తుపాకిమందు పోసుకోవడానికి."

"ఎవరు?"

గడ్డపాయన వైపు తిరిగాను. "ఇది నేను చేశాను. నాది. మీకు ఇలాంటిదే ఇంకోటి చేసిపెడతాను, మూతమీద ఒలీటా అని ఉంటుంది. ఫరవాలేదా?"

"నాకేం తల్లీ, రంగు మాత్రం ఇదే రావాలి."

"మేకులు ఎన్నయినా ఉన్నాయి. మీ తుపాకీ ఒక్కసారి ఇస్తారా?"

ఆయన నవ్వి భుజం మీంచి దించాడు. నిప్పు రాజేసే యంత్రం ఎడమవైపున ఉంది, పుర్రచేతివాళ్ళకని.

"ఒలీటా, పొయ్యిమీద చిక్కుళ్ళు..." అన్నాడు ఎల్డన్.

"ఎలాగూ నువ్వు దగ్గరే ఉన్నావు కదా," అన్నాను.

కొమ్ములో మందు పోసుకుని, పేల్చేచోటి గీత దగ్గర వరుసలో నిలబడ్డాను. బిరడా పళ్ళతో లాగాను, నాన్న లాగినట్టే. కొలత గొట్టంలో పోసుకుని, గొట్టంలోంచి తుపాకీలో పోశాను. గుండు దించి దట్టించాను. ఎడమ చెంప కొయ్యకి ఆనించాను. మోచెయ్యి ఎవరి పళ్ళెంలోనూ పడలేదు. పేల్చాను.

తప్పింది. దూరాన గురిగా వేలాడదీసిన ఇనపపళ్ళెం కదలనైనా కదల్లేదు. పొగ కళ్ళలోకి పోయి నీళ్ళు కారాయి. వెనక ఎవరో నవ్వారు. "సరదా తీరిందా?" అన్న ఎల్డన్ గొంతు వినిపించింది.

నేను కొమ్ముని ఎండకి ఎత్తి పట్టుకున్నాను. పచ్చటి వెలుగులో నల్లటి మందు గీత స్పష్టంగా కనిపించింది.

ఇంకా సగానికి పైగానే ఉంది.